పైకప్పు మీద తెల్ల సిలికాన్

నాకు కోపం ఎక్కువని మా పార్కులో కుక్కలకు కూడా తెలుసు. నేను చీపురు పట్టుకుని బయటికొస్తే అవి ముందు పక్కకి తప్పుకుని, ఆ తర్వాతే మొరుగుతాయి. అయినా ఆ గురువారం వచ్చినంత కోపం నా అరవై నాలుగేళ్ళలో నేనెన్నడూ ఎరగను. ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద మండుతుందో మీకే తెలుస్తుంది, వినండి.

యూమా ఊరు దాటాక, నిమ్మతోటల పక్కన ఉంటుంది మా ట్రెయిలర్ల పార్కు, చక్రాల ఇళ్ళ పేట. చలికాలంలో మూడొందల ట్రెయిలర్లు వచ్చి దిగుతాయి, తిరునాళ్ళలా ఉంటుంది. ఏప్రిల్ దాటిందంటే వేరే ఇల్లున్న మహారాజులంతా బండి తగిలించుకుని ఉత్తరానికి చెక్కేస్తారు. జూన్‌కి మిగిలేది పది పన్నెండు ట్రెయిలర్లే. కింద చక్రాలున్నా ఎక్కడికీ కదలని బాపతు మేం. మాది పన్నెండో నంబరు. ఇరవై ఆరడుగుల పొడుగు. అందులో నేనూ, మా ఆయన హార్లనూ, ఆయన ఆక్సిజన్ యంత్రమూ కాపురం.

బుధవారం సాయంత్రం మా నెత్తిమీది ఏసీ గర్రుమని, ఓసారి దగ్గి, చల్లగా ప్రాణం విడిచింది. దాని వయసు పద్దెనిమిది. అది పోయినందుకు నాకేం దిగుల్లేదు గానీ, హార్లన్ సంగతి వేరు. ముప్ఫై ఏళ్ళు సిమెంటు ఫ్యాక్టరీలో దుమ్ము మింగిన ఊపిరితిత్తులు ఆయనవి. వేడి తగిలితే ఆయనకు ఊపిరాడదు. ఆ యంత్రం అంతకన్నా సుకుమారి, గది కాస్త వేడెక్కితే కుయ్యిమని అరిచి ఆగిపోతుంది. బయటేమో మా ఫారెన్‌హీట్ లెక్కలో నూట పద్నాలుగు డిగ్రీలు, మీ లెక్కలో నలభై అయిదు. గుడ్డు పగలగొట్టి నేలమీద పోస్తే అట్టయిపోతుంది.

మరమ్మతు చేసేవాడికి ఫోన్ కొట్టాను. "మూడు వారాలు పడుతుందమ్మా" అన్నాడు తీరిగ్గా.

"మూడు వారాల తర్వాత నువ్వొచ్చి ఏం చేస్తావయ్యా? మా ఆయన సమాధి మీద పూలు పెడతావా?" అని పెట్టేశాను.

తడి తువ్వాళ్ళతో ఆ రాత్రి ఎలాగో నెట్టుకొచ్చాం. తెల్లారగానే ఊళ్ళో కొట్టు తెరిపించి, కొత్త ఏసీ పెట్టెను ట్రక్కులో వేసుకుని ఏడున్నరకల్లా వచ్చేశాను. ఎండ ముదరకముందే పాతది దించాలి, కొత్తది ఎక్కించాలి. కష్టమేముంది? పైకప్పులో మూరెడు చదరం కన్నం ఉంటుంది. దాని చుట్టూ స్పాంజి చట్రం పెట్టి, మీద ఏసీని కూర్చోబెట్టి, లోపల్నుంచి నాలుగు పొడుగు బోల్టులు బిగిస్తే అయిపోయింది. అంతే పని. నేను చెయ్యలేనా?

మా పార్కులో ఓ ఆచారం ఉంది. ఎవరైనా ట్రెయిలర్‌కి నిచ్చెన ఆనించారంటే చాలు, ఉన్న మగాళ్ళంతా మడత కుర్చీలు చంకనేసుకుని వచ్చేస్తారు. పెళ్ళికైనా పిలవాలేమోగానీ దీనికి పిలుపక్కర్లేదు. వరసగా కూర్చుని, చేతిలో చల్లటి డబ్బా పెట్టుకుని, ఒకటే సలహాలు. ఒళ్ళు వంచేవాడు మాత్రం ఒక్కడూ ఉండడు. చలికాలమైతే ఇరవై కుర్చీలు పడేవి. ఆ రోజు ఒక్కటే పడింది, పదమూడో నంబరు బర్ల్ టిడ్వెల్‌ది. మా రెండు స్థలాల మధ్య సున్నం కొట్టిన రాళ్ళు హద్దుగా ఉంటాయి. కుర్చీ నాలుగు కాళ్ళూ సరిగ్గా హద్దుకి అవతల ఉండేట్టు వేసుకుని కూర్చున్నాడు మహానుభావుడు.

ఈ బర్ల్‌తో నాకు ఆరేళ్ళుగా మాటల్లేవు. ఆరేళ్ళ కిందట జూలైలో పెద్ద వాన వస్తుందన్నారు. హార్లన్ ఆసుపత్రిలో ఉన్నాడు, ఉంటాడో పోతాడో తెలీదు. నేనొక్కదాన్నే పైకప్పు ఎక్కి, పద్నాలుగు ట్యూబుల సిలికాన్ జిగురు పిండి, ప్రతి కంతా ప్రతి అతుకూ మూసేశాను. చేతులు బొబ్బలెక్కాయి. అప్పుడొచ్చాడీ పెద్దమనిషి, తగుదునమ్మా అని. కింద నిలబడి "ఏసీ చుట్టూ పూసిందంతా గీకెయ్, జెర్లీన్" అన్నాడు. ఎందుకు గీకాలో కూడా చెప్పనివ్వలేదు నేను. చేతిలో ఉన్న ట్యూబు విసిరితే వెళ్ళి ఆయన నుదుటి మీద తగిలింది. అంతే, ఆ రోజు నుంచి నేను ఆయనకు "మిసెస్ స్టాంపర్" అయిపోయాను. ఆయన నాకు అసలేమీ కాకుండా పోయాడు.

మా పార్కు మేనేజరు కాన్సుయెలో, ముందు బకెట్టున్న చిన్న ట్రాక్టరు తోలుకుంటూ వచ్చింది. అంత బరువు పైకి చేర్చాలంటే అదే గతి. చేతులకు తొడుగులు వేసుకుంటూ, "ఈలోపు హార్లన్‌ని ఎక్కడ ఉంచుతావ్? క్లబ్బు హాలుకి వేసవిలో కరెంటే లేదు" అంది.

నేను నోరు తెరిచేలోపు బర్ల్ అందుకున్నాడు. నాతో కాదులెండి, కాన్సుయెలోతో. "కాన్సుయెలో, హార్లన్‌ని మా దాంట్లో కూర్చోమను. పొద్దుటి నుంచి చల్లగా ఉంది."

"కాన్సుయెలో, మా ఆయనకు మా ట్రక్కుందని చెప్పు" అన్నాను నేను. "ట్రక్కులో ఏసీ ఉంది. ట్యాంకు నిండా డీజిలు ఉంది. ఊరివాళ్ళ చలవ మాకక్కర్లేదని కూడా చెప్పు."

"నేనేమన్నా పోస్టు డబ్బానా?" అంది కాన్సుయెలో. "ఇద్దరికీ నోళ్ళున్నాయిగా! మధ్యలో నన్నెందుకు చంపుతారు?"

హార్లన్ మెట్ల మీద కూర్చుని నావైపు చూశాడు. ముక్కులో గొట్టం, ఒళ్ళో తువ్వాలు. "జెర్లీ, బర్ల్ దగ్గర కూర్చుంటే ఏం పోతుందే? కాసేపేగా" అన్నాడు మెల్లగా.

"నా పరువు పోతుంది" అన్నాను. "లే, ట్రక్కెక్కు."

ఆయన లేచాడు. నలభై ఏళ్ళ కాపురంలో నేను లే అంటే లేవని రోజు లేదు. ట్రక్కు స్టార్టు చేసి, ఏసీ పెద్దది పెట్టి, చిన్న ఆక్సిజన్ సిలిండరు పక్కన పెట్టి, తలుపేశాను. గంటన్నరలో అయిపోతుందనుకున్నాను.

కరెంటు తీసేసి, లోపల సీలింగు మూత విప్పి, పానాతో బోల్టులు తిప్పడం మొదలుపెట్టాను. మొదటి రెండూ మర్యాదగా కదిలాయి. మూడోది చెయ్యి పెడితేనే ఊడొచ్చేసింది. దాంతోపాటు నల్లటి పొడి నా మొహం మీద రాలింది. తడిసిన గోనెసంచి కంపు. ఆ కంపు నాకు కొత్త కాదు. మూడు నాలుగేళ్ళుగా మా ఇంట్లో ఏసీ వేసినప్పుడల్లా వస్తూనే ఉంది. అది హార్లన్ బూట్ల కంపని ఆయన్ని రోజూ తిట్టి, బూట్లు బయట పెట్టించేదాన్ని. ఆయన మారుమాట్లాడకుండా పెట్టేవాడు.

పైకి ఎక్కాం, నేనూ కాన్సుయెలో. పైకప్పు మీద అడుగు పెడితే కాలుతుందని రెండు చెక్కలు పరిచాం. ఏసీ చుట్టూ తెల్ల సిలికాన్ బొటనవేలు మందాన దిట్టంగా ఉంది. నాకు ఛాతీ ఉప్పొంగింది.

"చూశావా?" అన్నాను కాన్సుయెలోతో, కింద కూర్చున్నవాడికి వినపడాలని కాస్త గట్టిగానే. "నేను పూసిందే. ఆరేళ్ళయింది. చెక్కు చెదిరిందా? ఎవడో గీకెయ్యమన్నాడు."

కత్తితో ఆ సిలికాన్ కొయ్యడానికి ముప్పావుగంట పట్టింది. చెమట కళ్ళలోకి కారి మండుతోంది. చివరికి ఇద్దరం చెరోవైపూ పట్టి పాత ఏసీని లేవనెత్తి పక్కన పెట్టాం.

కింద చెక్క లేదు.

చెక్క ఉండాల్సిన చోట నల్లటి గుజ్జుంది. కన్నం చుట్టూ రెండు జానల దాకా కుళ్ళి, ముద్దయి, బూజుపట్టి, అక్కడక్కడా తెల్లటి పుట్టగొడుగులు కూడా లేచాయి. స్పాంజి చట్రం పిండితే నీళ్ళొచ్చాయి. ఈ ఎడారిలో, వాన చుక్క పడి మూడు నెలలైన చోట!

"వీడి దుంపతెగ!" అని అరిచాను. "ఈ ట్రెయిలర్ చేసినవాడెవడో గానీ వాడి చేతులు విరిగిపోనూ! అట్టముక్కలు పెట్టి కట్టాడా దీన్ని? వాడి మీద కేసు వేస్తా, ఆ ఫ్యాక్టరీని కోర్టుకీడుస్తా..."

కాన్సుయెలో మోకాళ్ళ మీద కూర్చుని, నేను కోసి పడేసిన సిలికాన్ పట్టీని తిరగేసి చూసింది. లోపలివైపు నల్లగా జిగురుగా ఉంది. "జెర్లీన్" అంది నెమ్మదిగా, "ఏసీ నడుస్తుంటే నీళ్ళు కారతాయిగా?"

"కారతాయి. అయితే?"

"ఆ నీళ్ళు ఏసీ అడుగునుంచి పైకప్పు మీదికి జారి పోవాలి. చుట్టూ గోడ కట్టేస్తే ఎటు పోతాయి?"

నేను ఆ పట్టీ వైపు చూశాను. తర్వాత కన్నం వైపు చూశాను. ఎటూ పోవు. ఎటూ పోలేదు. ఆరు వేసవులు, రోజూ గిన్నెల కొద్దీ నీళ్ళు, నేను కట్టిన గోడ లోపలే నిలబడి చెక్కలోకి ఇంకాయి. బూజు పట్టిన ఆ కన్నంలోంచే గాలి కిందికి వచ్చింది. ఆ గాలి కిందే హార్లన్ మంచం.

నేను కిందికి చూశాను. బర్ల్ టోపీ ఎత్తి నావైపే చూస్తున్నాడు. ఏమీ అనడంలేదు. ఆ అనకపోవడం చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"అను!" అని కేకేశాను. ఆరేళ్ళలో ఆయనతో నేరుగా అన్న మొదటి మాట అది. "ఆరేళ్ళుగా దీనికోసమేగా కూర్చున్నావు! చెప్పానుగా అను! నవ్వు! నీ ముచ్చట తీర్చుకో!"

బర్ల్ లేచాడు. కుర్చీ మడిచి, గోడకి ఆనించి, తన ట్రెయిలర్‌లోకి వెళ్ళిపోయాడు. తలుపు వేసుకున్న చప్పుడు వినబడింది.

"పో! పో!" అన్నాను తలుపుకేసి. ఈ కుళ్ళు మీద కొత్త ఏసీ పెడితే రెండో రోజుకే హార్లన్ మంచం మీద పడుతుంది. చెక్క తేవాలి, కొయ్యాలి, వెయ్యాలి. అప్పటికే తొమ్మిదిన్నర దాటింది. గంటన్నర కాదు, రోజంతా పట్టే పని. హార్లన్‌ని రోజంతా ట్రక్కులో ఎలా ఉంచడం?

అప్పుడు మోగింది హారను. ట్రక్కు హారను. ఒక్కసారి కాదు, ఆపకుండా.

నేను నిచ్చెన ఎలా దిగానో నాకు తెలీదు. కదలకుండా నిలబెట్టి గంటల తరబడి నడిపితే ఆ ఎండకి ఇంజను ఉడికిపోయింది. ముందునుంచి ఆవిరి లేస్తోంది. లోపల ఏసీలోంచి వేడిగాలి కొడుతోంది. నేను చేరేసరికే బర్ల్ తన ట్రెయిలర్‌లోంచి వచ్చేసి అక్కడున్నాడు. తలుపు తీసి, హార్లన్ చంకల కింద చేతులేసి పట్టుకున్నాడు. హార్లన్ పెదాలు నీలంగా ఉన్నాయి. నోరు తెరిచి చేపలా కొట్టుకుంటున్నాడు. ఒక చెయ్యి ఇంకా హారను మీదే ఉంది.

"కాళ్ళు పట్టుకో" అన్నాడు బర్ల్ నాతో. డెబ్భై మూడేళ్ళ మనిషి, రెండు మోకాళ్ళూ ఆపరేషనైనవాడు. పట్టుకున్నాను. సున్నం రాళ్ళు దాటి, ఆరేళ్ళుగా కాలు పెట్టనని ఒట్టు పెట్టుకున్న ఆ గుమ్మం ఎక్కాను.

లోపల ఏసీ హాయిగా వీస్తోంది. కిటికీ పక్కన వాలుకుర్చీ, దానిమీద ఉతికిన దుప్పటి. కుర్చీ పక్కన గోడలోంచి తీసిన పొడుగు వైరు, దాని సాకెట్టు సరిగ్గా ఆక్సిజన్ యంత్రం కోసం ఖాళీ చేసిన చోట. బల్ల మీద గ్లాసుడు నీళ్ళు, ఈగ పడకుండా మూత. నేను పొద్దున ఏడున్నరకి ఏసీ పెట్టె దించుతున్నప్పుడే ఇవన్నీ సర్ది, అప్పుడొచ్చి కుర్చీ వేసుకుని కూర్చున్నాడా మనిషి. నేను ట్రక్కుందని చెప్పమన్నాను.

కాన్సుయెలో పరుగెత్తి యంత్రం తెచ్చి ప్లగ్గు పెట్టింది. ఆసుపత్రికి ఫోన్ చెయ్యమని నేను అరుస్తున్నాను. హార్లన్ చెయ్యెత్తి ఆగమన్నాడు. వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే చిన్న మీటరు బర్ల్ ఎక్కణ్ణుంచో తెచ్చి తొడిగాడు. ఎనభై రెండు. ఎనభై అయిదు. ముగ్గురం ఆ అంకెలకేసే చూస్తూ నిలబడ్డాం. ఎనభై తొమ్మిది. తొంభై ఒకటి వచ్చేసరికి హార్లన్ పెదాలకు రంగొచ్చింది. నేను నేలమీదే కూర్చుండిపోయాను.

పావుగంట పోయాక హార్లన్ నోరు విప్పాడు. "పైన ఎలా ఉంది?"

"కుళ్ళిపోయింది" అన్నాను. "నేను పూసినందువల్ల."

"ఊఁ" అన్నాడు. ఆశ్చర్యపోలేదు. నలభై ఏళ్ళు కాపురం చేసినదాన్ని, ఆ ఊఁ నాకు తెలీదా?

"నీకు తెలుసా?"

ఆయన దుప్పటి అంచు మడత పెట్టాడు. "ఆసుపత్రి నుంచి వచ్చిన మరుసటి వసంతంలో ఓసారి పైకెక్కాగా. చూశాను."

"చూసి?"

"నేను చచ్చిపోతానేమోనని ఏడుస్తూ పూశావు జెర్లీ. వేళ్ళ ముద్రలున్నాయి దానిమీద. గీకడానికి చెయ్యి రాలేదు. తర్వాత గీకుదాంలే అనుకున్నాను. తర్వాత నిచ్చెన ఎక్కే ఓపికే లేకపోయింది."

"నాకు చెప్పొచ్చుగా!"

"చెప్తే నువ్వూరుకుంటావా?"

నేను బర్ల్ వైపు తిరిగాను. "మరి నువ్వు? ఒక్కసారి ట్యూబు తగిలితే మూగవాడివైపోయావా? మళ్ళీ చెప్పొద్దూ?"

"చెప్దామనే వచ్చాను" అన్నాడు బర్ల్. "మీ ఆయనే ఆపాడు. 'దాని జోలికి పోకు, నోరు మూసుకో' అన్నాడు. మూసుకున్నాను."

అప్పుడొచ్చిందండీ నాకు కోపం. నేను చెప్పానే జన్మలో ఎరగనంత కోపమని, అదీ ఇదే. "ఇద్దరు మగాళ్ళూ కలిసి నన్ను పిచ్చిదాన్ని చేశారు!" అని ఆ ట్రెయిలర్ అదిరేలా అరిచాను. "నా కోపానికి భయపడి ఒకడు ఆరేళ్ళు బూజు పీలుస్తాడా! ఒకడు ఆరేళ్ళు తిట్లు తింటాడా! నేనేమన్నా రాక్షసినా? ఒక్క మాట, ఒక్క మాట నా మొహాన కొట్టి ఉంటే..."

ఉంటే ఏమయ్యేది? వాళ్ళిద్దరూ నావైపు చూస్తున్నారు. ఒకడి ముక్కులో గొట్టం. ఒకడి నుదుటి మీద వేలి గోరంత తెల్లటి మచ్చ. తలుపు దబాలున తోసుకుని బయటికెళ్ళాను, వీళ్ళముందు ఏడవకూడదని. ఆ ఎండలో రెండు నిమిషాలు నిలబడలేక మళ్ళీ లోపలికే వచ్చాను. ఎవరూ నవ్వలేదు. కాన్సుయెలో మాత్రం ఐసు వేసిన గ్లాసు నా చేతిలో పెట్టింది.

"ఎండ తగ్గాక అయిదింటికి మొదలుపెడదాం" అన్నాడు బర్ల్. "నేను బడి భవనాలకు పైకప్పులు వేసినవాణ్ణి. నా దగ్గరున్న చెక్క కింద కొలిచి కోసిస్తాను. నిచ్చెన మాత్రం ఎక్కలేను. పైన నేను చెప్పినట్టు నీ చేతులు చెయ్యాలి." కాస్త ఆగి అన్నాడు, "చేస్తాయా?"

"చేస్తాయి" అన్నాను.

అయిదింటికి మొదలుపెట్టాం. బర్ల్ కింద కుర్చీలో, నేను పైన. నోరు నొక్కుకుని పనిచెయ్యడమంటే ఏమిటో ఆ సాయంత్రం తెలిసింది నాకు.

"నల్లదంతా కొయ్యి. తెల్ల చెక్క కనబడేదాకా."

"కనబడుతోంది."

"గోరుతో గుచ్చు. దిగిందా?"

దిగింది. "దిగలేదు" అందామని నోటిదాకా వచ్చింది, తొందరగా అయిపోతుందని. "దిగింది" అన్నాను.

"ఇంకా కొయ్యి."

ఇంకా కోశాను. ఎన్ని గుప్పెళ్ళు తీసి కింద పోశానో లెక్కలేదు. ప్రతి గుప్పెడూ హార్లన్ ఛాతీలోంచి తీస్తున్నట్టే ఉంది నాకు. డాక్టరు అంతా సిమెంటు దుమ్మే అన్నాడు. అందులో నా వాటా ఎంతో ఏ డాక్టరూ చెప్పలేడు.

కొత్త చట్రం, కొత్త ప్లైవుడ్, మీద రబ్బరు పొర, అంచులకు సిలికాన్. అక్కడ పూయాలట, పూయమంటే పూశాను. కాన్సుయెలో ట్రాక్టరు బకెట్టుతో కొత్త ఏసీని పైకి లేపింది. స్పాంజి చట్రం మీద ఇద్దరం కూర్చోబెట్టాం. నేను లోపలికెళ్ళి బోల్టులు బిగిస్తుంటే బర్ల్ గుమ్మంలో నిలబడి టార్చి వేశాడు.

"చాలు."

"ఇంకొక్క చుట్టు..."

"స్పాంజి సగం నొక్కుకుంటే చాలు. నలిపేస్తే అదీ చస్తుంది. ఆపు."

ఆపాను. చెయ్యి పానా మీద జిల పెడుతూనే ఉంది, అయినా ఆపాను.

చివరికి ఏసీ మూతకి స్క్రూలు బిగించడానికి మళ్ళీ పైకెక్కాను. సూర్యుడు నిమ్మతోటల మీదికి వాలాడు. చేతిలో సగం మిగిలిన ట్యూబుంది. ఏసీకీ పైకప్పుకీ మధ్య సన్నటి సందు కనబడుతోంది. చీమ దూరే సందు. వానొస్తే? గాలికి దుమ్ము వస్తే? నా చెయ్యి దానంతటది అటు వెళ్ళింది. ట్యూబు ముక్కు ఆ సందుకి ఆనించాను కూడా.

వంగి కిందికి చూశాను. బర్ల్ తల పైకెత్తి చూస్తున్నాడు. నోరు తెరవలేదు. ఈసారి ఆయన తెరవడు, నాకు తెలుసు.

"బర్ల్" అన్నాను. "ఇక్కడ పూయాలా, వద్దా?"

"వద్దు, జెర్లీన్" అన్నాడు.

పూయలేదు. ట్యూబు జేబులో పెట్టుకుని దిగాను.

కరెంటు వేస్తే కొత్త ఏసీ మెత్తగా మొదలైంది. పావుగంటలో గది చల్లబడింది. హార్లన్‌ని మెల్లగా నడిపించుకొచ్చి మంచం మీద కూర్చోబెట్టాను. తల పైకెత్తి, కళ్ళు మూసుకుని, ఆయన ఓసారి గాలి పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు.

"ఆ కంపు లేదే జెర్లీ" అన్నాడు. "నా బూట్లు లోపల పెట్టుకోవచ్చా?"

మెట్ల మీదున్న బూట్లు తెచ్చి, దుమ్ము దులిపి, ఆయన మంచం పక్కనే పెట్టాను. తర్వాత బయటికి నడిచాను. బర్ల్ తన కుర్చీ మడుస్తున్నాడు. సున్నం రాళ్ళు దాటి వెళ్ళి, జేబులోంచి ట్యూబు తీసి ఆయన చేతిలో పెట్టాను. ఈసారి విసరలేదు. క్షమించు అనే మాట గొంతుదాకా వచ్చి అడ్డం తిరిగింది, నా సంగతి మీకు తెలిసిందేగా.

"రేపు పొద్దున కాఫీకి రా" అన్నాను. "కుర్చీ తెచ్చుకో. రాళ్ళకి ఇటువైపు వేసుకో."